సీమవాహిని మింగిన పేర్లు

వజ్రకూట రాజ్యంలో పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పే మాట ఒకటుంది. సీమవాహిని దాటి వచ్చినదేదీ మనది కాదు, మనదేదీ సీమవాహిని దాటిపోదు అని. ఆ మాట మొదట అన్న మహానుభావుడెవరో గాని, తన ఇల్లాలు ఏ ఊరి ఆడపడుచో మరిచిపోయి అని ఉంటాడు. వజ్రకూటపు రాజుకు సొంత రాజ్యంలో పిల్లనిచ్చే సాటి రాజు ఎక్కడ దొరుకుతాడు? తరతరాలుగా రాణులంతా ఏటి అవతలి నుంచి వచ్చినవాళ్ళే. ఒకామె మంచుకొండల నుంచి, ఒకామె ఎడారి కోటల నుంచి, ఒకామె నడిసముద్రపు దీవుల నుంచి.

పెద్దలు దీనికొక ఉపాయం కనిపెట్టారు. పెళ్ళికూతురి పల్లకి నది నడుమ ఇసుకతిప్ప మీద ఆగుతుంది. అక్కడ వేసిన డేరాలో ఆమె పుట్టింటి చీర, నగలు, దువ్వెన, ఆడుకున్న బొమ్మ, అన్నీ మూటగట్టాలి. తన పేరు తానే ఆఖరుసారి నీళ్ళకు చెప్పుకోవాలి. ఆపైన మూటను దిగువన తిరిగే పాతాళసుడిలోకి విసిరెయ్యాలి. దీన్ని మూటవిడుపు అంటారు. అప్పుడు పురోహితుడు వజ్రమాల అనో వజ్రలేఖ అనో కొత్తపేరు పెడతాడు. ఆ పేరుతో ఇవతలి గట్టు ఎక్కిన పిల్ల ఇక ఈ నేల మీద మొలిచినట్టే లెక్క. పాతపేరు పలికితే అరిష్టం. భర్త అడగడు, బిడ్డలకు తెలియదు. ఈ నాటకం గుట్టుగా సాగినన్నాళ్ళు ఎవరికీ ఏ బాధా కలగలేదు, మూట విడిచిన పిల్లలకు తప్ప.

గుట్టు రచ్చకెక్కించినవాడు ధూమాక్షుడనే మాంత్రికుడు. మహారాజు సింహకేతుడు కన్నుమూసి, యువరాజు మణికేతుడికి పట్టాభిషేకం జరగబోయే వేళ ఈ ధూమాక్షుడు నిండు సభలోకి వచ్చి నిలబడ్డాడు. వాడు రెప్ప వేసినప్పుడల్లా కళ్ళలోంచి సన్నగా పొగ వచ్చేది. "వానలు ఎందుకు పడటం లేదో చెప్పనా?" అన్నాడు. "పరాయి నెత్తురు సింహాసనం ఎక్కబోతోంది కనుక." కరువులో ఉన్నవాడికి ఎవరి మీదో ఒకరి మీద కోపం కావాలి. జనం తల ఊపారు. నిన్నటిదాకా రాజమాత వజ్రాంబ కాళ్ళకు మొక్కినవాళ్ళే ఆమెను దీవుల పిల్ల అనసాగారు.

మాంత్రికుడు అంతటితో ఆగలేదు. వజ్రాంబ అన్న పేరును ఒక పుర్రెలోకి ఊది మూతపెట్టాడు. ఆ క్షణం నుంచి రాజమాత బొమ్మలా కూర్చుండిపోయింది. కళ్ళు మాత్రం కదులుతున్నాయి, చేతులు, కాళ్ళు, నాలుక కదలటం లేదు. "వంశానికి మూలపురుషుడైన ఆదిరాజు ఖడ్గం పాతాళసుడి అడుగున బిలంలో ఉంది. శుద్ధమైన రక్తం ఉన్నవాడికే అది దక్కుతుంది. రేపు సూర్యుడు నడినెత్తికి వచ్చే లోగా దాన్ని తెచ్చినవాడే రాజు. యువరాజు తేలేకపోతే ఈ తల్లి వచ్చిన దారినే పోతుంది. గెడలేని తెప్ప మీద, సుడిలోకి" అని తీర్పు చెప్పాడు.

పోటీకి రెండోవాడు రుద్రబాహుడు. మణికేతుడి చిన్నాన్న కొడుకు, వయసులో పెద్ద. తన తల్లి ఈ ఊరి దండనాయకుడి కూతురని అతనికి మహా గొప్ప. తెల్లవారకముందే రుద్రబాహుడికి ఏనుగులు, ఇనుప గొలుసులు ఇచ్చి సాగనంపిన ధూమాక్షుడు, మణికేతుడి వంతు వచ్చేసరికి కోట తలుపులు మూయించాడు.

అందుకే పొద్దు బారెడెక్కిన ఈ వేళ వజ్రకూటపు యువరాజు గాజులమ్మేవాడి వేషంలో, నెత్తిన మాసిన తలపాగా, భుజాన గాజుల మలారంతో కనుమ దారిలో పరుగులు పెడుతున్నాడు. వెనకాలే మరో మలారంతో రొప్పుతూ వస్తున్నవాడు సింగన్న. గుర్రాల సాలలో పనివాడు, మణికేతుడికి మొట్టమొదట గుర్రమెక్కడం నేర్పినవాడు.

"కోట దాటాం కదా బాబూ, ఇంకా ఈ గాజులెందుకు మనకి?" అన్నాడు సింగన్న. "వాకిట్లో కావలివాడు వాడి పెళ్ళానికని పచ్చగాజులు ఊరికే లాక్కున్నాడు. రాజువయ్యాక వాణ్ణి గుర్తుపెట్టుకో."

"ముందు రాజునవనీ" అన్నాడు మణికేతుడు పరుగు ఆపకుండానే.

ఆ కనుమ చూడవలసిన చోటే గాని ఆగవలసిన చోటు కాదు. కుడివైపు నిలువెత్తు ఎర్రరాతి కొండ. దాని పగుళ్ళలోంచి మోదుగలు విరగబూసి కొండంతా నిప్పంటుకున్నట్టుంది. ఎడమవైపు అగాధం. అడుగున సీమవాహిని రాళ్ళను ఒరుసుకుంటూ, తుంపరల్లో ఇంద్రధనుస్సులు కట్టుకుంటూ, ఒక వంపు తిరిగి పాతాళసుడిలో పడుతోంది. ఆ సుడి రోకలితో దంచుతున్న చప్పుడు చేస్తోంది. దాని చుట్టూ తేనెరంగు నురగ, నడుమ నల్లటి బిలం.

యువరాజు చూపు సుడి మీద ఉండగానే తలపైన ఎండ మాయమైంది. తలెత్తితే రాగిరెక్కల గద్దలు. ఒక్కొక్కటి దున్నపోతంత ఉంది. ధూమాక్షుడి పెంపుడు పక్షులవి. స్ఫటికం లాంటి వాటి కళ్ళలోంచి కూడా పొగ వస్తోంది. మొదటిది వాలుతూనే సింగన్న తలపాగా ఎత్తుకుపోయింది. రెండోదాని గోరు యువరాజు భుజాన్ని చీరింది. అతను నడుమున దాచుకున్న కత్తి దూసి కొడితే రాగిరెక్క ఖంగుమంది, కత్తి రెండు ముక్కలైంది.

చీరిన దెబ్బకు మలారం కూడా తెగి, గాజులు గలగలమని దారి పొడుగునా దొర్లాయి. ఎండ తగిలి ఎర్రవి, నీలివి మిలమిల్లాడాయి. వాలుతున్న గద్ద దారి మార్చి ఆ మెరుపు మీద పడి ముక్కుతో పొడవసాగింది.

"సింగన్నా, నీ మలారం" అని మణికేతుడు అరిచాడు.

సింగన్న ఆలోచించలేదు. భుజాన ఉన్నదంతా విప్పి అగాధంలోకి విసిరేశాడు. వందల గాజులు ఎండలో తళుక్కుమంటూ రాలిపోతుంటే, గద్దలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వాటి వెంట కిందికి దూకాయి. సన్నటి కనుమలో రాగిరెక్కలు ఒకదానికొకటి చిక్కుకున్నాయి, గుంపంతా కలిసి కొండకు కొట్టుకుంది. ఆ దెబ్బకు కొండ అదిరింది. వీళ్ళు నిలబడ్డ దారి పెళపెళమని విరిగింది. ఇద్దరూ నేరుగా పాతాళసుడి నోట్లో పడ్డారు.

నీళ్ళు వాళ్ళను మజ్జిగ చిలికినట్టు చిలికి, అడుక్కు లాగి, ఒక రాతి సొరంగంలోంచి ఈడ్చి, చివరికి మెత్తటి ఇసుక మీద ఉమ్మేశాయి.

మణికేతుడు కళ్ళు తెరిచాడు. తాను చచ్చి ఏదో లోకానికి వచ్చాననుకున్నాడు. బిలం రాజసభకన్నా విశాలంగా ఉంది. కప్పులోంచి వేలాడే మణుల వెలుతురు వెన్నెలలా పరుచుకుంది. ఒక గోడ నుంచి మరో గోడకు నాచుతాళ్ళు కట్టి ఉన్నాయి. వాటి మీద చీరలు, శాలువలు, మేలిముసుగులు, ఓణీలు ఆరేసి ఉన్నాయి. మంచుకొండల ఉన్ని, ఎడారి పట్టు, చెట్టుబెరడుతో నేసిన అడవి బట్ట, ముత్యాలు కుట్టిన దీవుల వలచీర. వాటి కింద రాతి అరుగుల మీద గంధపు పెట్టెలు, దంతపు దువ్వెనలు, గుడ్డబొమ్మలు, పేరు తెలియని వాయిద్యాలు. ఇన్ని దేశాల సొగసు ఒక్కచోట ఏ అంగడిలోనూ ఉండదు.

ఆ బట్టల నడుమ ఒక ముసలామె చీర పిండి ఆరేస్తోంది. ఆమె నీళ్ళలో ఒక అడుగు, గట్టున ఒక అడుగు వేసి నిలుచుంది. బిలం కాచే జలయక్షిణి ఆమే. నదీతీరపు పల్లెల్లో ఆమెను మూటలవ్వ అంటారు.

ఆమె పక్కనే ఒక రాతిబొమ్మ ఉంది. మెడదాకానే రాయి, పైన మాత్రం రుద్రబాహుడి ముఖం, మంచి కోపంలో ఉంది.

"అయ్యగారికి ముక్కు మీద దురద పుడితే ఎట్టా మరి" అని సింగన్న గొణిగాడు.

మూటలవ్వ వెనక్కి తిరిగింది. "ఎవరింటి బిడ్డవురా?" అని అడిగింది యువరాజును.

వజ్రకూటంలో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. మాటలు వచ్చిన ప్రతి బిడ్డా తండ్రి, తాత, ముత్తాత, ఇలా ఆదిరాజు దాకా గడగడ అప్పజెప్పాలి. మణికేతుడి నాలుక తనంతట తానే కదిలింది. "సింహకేతు మహారాజు కుమారుణ్ణి, వజ్రకేతు మహారాజు మనుమణ్ణి" అన్నాడో లేదో, పాదాలు బరువెక్కాయి. చూసుకుంటే మోకాళ్ళదాకా రాయి.

"చెప్పు, చెప్పు" అన్నాడు రుద్రబాహుడు అక్కసుగా. "నేను తాతలందరి పేర్లూ బిరుదులతో సహా చెప్పాను. ఆదిరాజు దగ్గరకు వచ్చేసరికి మెడ దాకా వచ్చింది."

"వాళ్ళెవరూ నాకు తెలియదు. వాళ్ళ మూటలు నా దగ్గర లేవు" అంది అవ్వ. "నిన్ను కన్నామె ఏ ఇంటి బిడ్డో అడిగాను."

"రాజమాత వజ్రాంబ కొడుకుని."

రాయి నడుము దాకా వచ్చింది. "అది మీరు అంటించిన పేరు. పుట్టినప్పుడు తన అమ్మ పెట్టిన పేరు చెప్పు."

తన గుర్రాల పేర్లన్నీ మణికేతుడికి తెలుసు, గుర్రాల తల్లుల పేర్లు కూడా తెలుసు. పాతికేళ్ళుగా తనకు అన్నం కలిపి పెట్టిన తల్లి పేరు తెలియదు. సిగ్గుతో అతని కళ్ళు నిండాయి.

"తెలియదు అవ్వా" అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా అమ్మ నాకు అమ్మగానే పుట్టిందనుకున్నాను."

రాయి ఆగింది. తర్వాత పొడి సున్నంలా జలజల రాలిపోయింది.

"ఇన్ని తరాల్లో ఇక్కడికొచ్చి తెలియదన్నవాడివి నువ్వొక్కడివే" అంది మూటలవ్వ. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. సింగన్న వైపు తిరిగి, "నువ్వెవరింటివాడివిరా?" అంది.

"మా అమ్మ సంతలో దొరికిన పిల్లంట తల్లీ. ఏ ఇంటిదో ఆమెకే తెలీదు, ఇంక నాకేం తెలుస్తుంది?"

"నువ్వు బతికిపోయావు. నీకు గొప్పలు చెప్పుకునే యోగం లేదు. లోపలికి రండి ఇద్దరూ."

ఆమె వాళ్ళను అరుగుల మధ్య నడిపించింది. మణికేతుడు ఒక ఉన్నిబట్ట దగ్గర ఆగిపోయాడు. దాని అంచుకు ఎడమవైపు ఒక ముడి ఉంది. అది వజ్రముడి. రాజవంశపు మగవాళ్ళు మాత్రమే తలపాగాకు వేసుకునే ముడి. ఆదిరాజుకు దేవతలు నేర్పారని భట్రాజులు పాడతారు.

"దేవతలెవరూ కాదు. మంచుకొండల పిల్ల ఒకతె వచ్చింది, మీ ముత్తవ్వ. వాళ్ళ గొర్రెలకాపరులు మూటకు వేసే ముడి అది. మొగుడికి తలపాగా జారిపోతుంటే కట్టి చూపింది" అంది అవ్వ.

మరో అరుగు మీద నీలిగుడ్డపై కుట్టిన తెల్లకొంగ. కోట బురుజు మీద ఎగిరే రాజపతాకం అచ్చం అదే. మంచుకొండలకు, ఎడారికి నడుమ ఏదో సరస్సు ఒడ్డున పెరిగిన ఎవరి చిన్నప్పటి పరికిణీయో అది. పక్కన కర్రఅచ్చు. పట్టాభిషేకం నాడు తప్ప చెయ్యకూడదని నియమం ఉన్న రాజభోగమనే మిఠాయి ఆ అచ్చులోదే. ఎడారిలో దాన్ని పేరంటానికి పంచేవాళ్ళట.

"మరి మాదంటూ ఏం మిగిలింది అవ్వా?" అన్నాడు మణికేతుడు. అతనికి నవ్వూ వచ్చింది, గుండె కలుక్కుమంది కూడా. తాను పరాయివాణ్ణి కాదని రుజువు చేసుకోవడానికి ఇంత దూరం వచ్చాడు. ఇక్కడ చూస్తే ఇంటినిండా పరాయివాళ్ళే, అందరూ తన అవ్వలే.

"ఇదంతా మీదే కదరా పిచ్చోడా. తెచ్చి ఇచ్చారు, తీసుకున్నారు, మీదైంది. ఎవరిచ్చారో చెప్పుకోవడానికే మీకు నోరు రాదు" అని అవ్వ చివరి అరుగు మీది చినిగిన తోలుమూటను చూపింది. "ఇది అన్నిటికన్నా పాతది. మీ ఆదిరాజుది."

"ఆదిరాజు ఈ నేలలో పుట్టినవాడు" అని రుద్రబాహుడు అవతలి నుంచి అరిచాడు. అతనికి చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

"వాడు ఆకలితో చిల్లుపడవలో కొట్టుకొచ్చాడు నాయనా. ఇవతలి గట్టున గంజి పోసిన పిల్లను పెళ్ళాడాడు. తన దేశం తలుచుకుంటే ఏడుపొస్తోందని వాడే మొదట మూట విసిరాడు. దుఃఖం కొద్దీ వాడు చేసిన పనిని మీరు ఆచారం చేశారు."

ఆమె తోలుమూట విప్పింది. ఖడ్గం బయటపడగానే బిలమంతా తెల్లగా వెలిగిపోయింది. పిడి మీద పగడాలు, అలుగు మీద ఈ రాజ్యంలో ఎవరూ ఎరగని మృగాల వరుస. మణికేతుడు చెయ్యి చాచాడు. అవ్వ అడ్డుపెట్టింది.

"ఒక్కటే ఇస్తాను. ఖడ్గమా, మీ అమ్మ పేరా, ఆలోచించుకో. ఖడ్గం పట్టుకుపోతే రాజువవుతావు. మాంత్రికుడు తెప్ప నుంచి ఆమెను దించవచ్చు. కాని పుర్రెలో ఉన్న కట్టు విడదు, బతికినన్నాళ్ళు బొమ్మలాగే ఉంటుంది. పుట్టిన పేరుతో కన్నబిడ్డ పిలిస్తేనే ఆ కట్టు తెగుతుంది. అయితే పేరు తీసుకుంటే నీ చేతిలో కత్తి ఉండదు. తెప్పను ఎట్లా ఆపుతావో నాకు తెలియదు."

"పేరు" అన్నాడు మణికేతుడు.

సింగన్న తల పట్టుకున్నాడు. "ఒక్క నిమిషం ఆలోచించి చెప్పు బాబూ, ఎవరూ తరమట్లేదు కదా."

"పొద్దు తరుముతోంది. అవ్వా, పేరు ఇవ్వు."

మూటలవ్వ మడుగులోంచి దోసెడు నీళ్ళు తీసి అతని చెవి దగ్గర పెట్టింది. నీళ్ళలో సముద్రపు హోరు వినిపించింది. దాని వెనకాల ఒక చిన్నపిల్ల గొంతు. ఏడుపు ఆపుకుంటూ, తడబడుతూ ఆ పిల్ల ఒక పేరు చెప్పింది. అప్పటికి అతని తల్లికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండి ఉండవు. మణికేతుడు ఆ పేరు విన్నాడు.

వెళ్ళబోతూ రాతిబొమ్మ ముందు ఆగాడు. "అవ్వా, అన్నను కూడా విడిచిపెట్టు."

"తనంతట తాను విడిపించుకోవాలి."

మణికేతుడు రుద్రబాహుడి ముఖంలోకి చూశాడు. "రుద్రన్నా, నీకూ నాకూ మశూచి వచ్చినప్పుడు నాయనమ్మ మన మధ్య పడుకుని ఏదో పాట పాడేది. మాటలు మనకు అర్థమయ్యేవి కావు. గుర్తుందా?"

"లేదు" అన్నాడు రుద్రబాహుడు. కాని మెల్లగా, శ్రుతి తప్పుతూ, కూనిరాగం తీశాడు. ఏ భాషో తెలియని నాలుగు మాటలు వాటంతట అవే వచ్చాయి. నాచుతాడు మీద ఆరేసిన ఎడారిపట్టు మేలిముసుగు గాలి లేకుండానే ఊగింది. అతని భుజాల మీంచి రాయి రాలింది, తర్వాత నడుము నుంచి, తర్వాత కాళ్ళ నుంచి. అతని బుగ్గలు తడిసి ఉన్నాయి. తుడుచుకున్నాడు. చివరి అరుగు దాకా పరిగెత్తి, తుడుచుకున్న ఆ చేత్తోనే ఆదిఖడ్గాన్ని అందుకుని, తాను దిగివచ్చిన గొలుసు వేలాడుతున్న వైపు ఒక్క ఉరుకు ఉరికాడు. ఏనుగులు గొలుసును పైకి లాగుతున్న కీచుశబ్దం బిలమంతా మోగింది.

"పాముకు పాలు పోశావు" అన్నాడు సింగన్న.

"మా అన్నకు పోశాను. అవ్వా, బయటికి దారేది?"

అవ్వ ఈల వేసింది. మడుగులోంచి ఏనుగంత బొచ్చెచేప తేలింది, బంగారు పొలుసులతో. ఇద్దరూ దాని రెక్కలు గట్టిగా పట్టుకున్నారు. సింగన్న దాని చెవిలో, అంటే చెవి ఉండవలసిన చోట, ఇకమీదట జన్మలో చేపలపులుసు ముట్టనని ఒట్టేశాడు. చేప సొరంగాలలో దూసుకుపోయింది. రాతికోరలు తల మీంచి రాసుకుపోయాయి. ఒకచోట నీటిపాముల గూడు చెదిరి అవి వెంటబడ్డాయి. ఒకచోట ఊపిరి అయిపోయి మణికేతుడి కళ్ళకు చీకట్లు కమ్మాయి. అప్పుడు ఒక్కసారి నీళ్ళు పగిలి ఎండ ముఖాన కొట్టింది. చేప వాళ్ళను ఇవతలి గట్టు మీదికి విదిలించి మునిగిపోయింది.

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. గట్టు నిండా జనం. నది నడుమ ఇసుకతిప్ప మీద ధూమాక్షుడు, వాడి చేతిలో పుర్రె. తిప్పకు తాడుతో కట్టిన అరటిబోదెల తెప్ప, దాని మీద తెల్లచీరలో రాజమాత వజ్రాంబ, కదలని బొమ్మ. కొండవైపు గట్టు నుంచి గుర్రాన్ని నీళ్ళలో ఉరికించి తిప్ప ఎక్కిన రుద్రబాహుడి చేతిలో ఆదిఖడ్గం తెల్లగా మండుతోంది. జనం జయజయధ్వానాలు చేస్తున్నారు.

"శుద్ధరక్తానికి ఖడ్గం దక్కింది" అని మాంత్రికుడు చేతులెత్తాడు. "రాజా, తొలి ఆజ్ఞ నీదే. తాడు కొయ్యి."

రుద్రబాహుడు ఖడ్గం ఎత్తాడు. తెప్ప మీది ఆమె కళ్ళు అతన్నే చూస్తున్నాయి. తల్లి పురిట్లోనే పోతే అతన్ని ఒళ్ళో వేసుకుని పెంచిన పెద్దమ్మ ఆమె. ఎత్తిన ఖడ్గం అలాగే ఉండిపోయింది. "నావల్ల కాదు" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

ధూమాక్షుడు కళ్ళు పెద్దవి చేశాడు. వాడి చూపులోంచి వచ్చిన పొగ నిప్పై తాడును తాకింది. తాడు తెగింది. తెప్ప ఒకసారి గిర్రున తిరిగి సుడి వైపు సాగింది.

మణికేతుడు నడుము లోతు నీళ్ళలోకి పరిగెత్తాడు. పేరు నోటిదాకా వచ్చి ఆగింది. కన్నతల్లిని పేరు పెట్టి పిలవడం ఏ దేశంలోనూ మర్యాద కాదు. గట్టు నిండా ప్రజలు, పురోహితులు, సామంతులు చూస్తున్నారు. ఆ ఆగింది రెప్పపాటే.

"ఈలారీ" అని ఎలుగెత్తి పిలిచాడు.

ఎవరి పేరో జనానికి అర్థం కాలేదు. ధూమాక్షుడి చేతిలో పుర్రె పెటుక్కున పగిలింది.

తెప్ప మీద ఆమె తల తిప్పింది. పాతికేళ్ళకు పైగా ఆ పేరుతో తనను పిలిచినవాళ్ళు లేరు. పిలవగలిగిన ఇద్దరు ముగ్గురూ సముద్రం అవతల ఎప్పుడో కాలం చేశారు. ఆమె కొడుకును చూసింది. ఏడుస్తుందని అతను అనుకున్నాడు. ఆమె చీరకొంగు బిగించి నడుముకు దోపింది.

"మణీ, ఏడవకు. గెడలాంటిది ఏదైనా విసురు" అని కేకేసింది. ఆ గొంతులో రాజమాత యాస లేదు. దీవుల యాస, అలల మీంచి పిలవడానికి అలవాటుపడ్డ గొంతు.

గట్టున తెల్లకొంగ పతాకం ఎగురుతోంది. మణికేతుడు ఆ వెదురు స్తంభాన్ని పట్టి ఊపాడు, సింగన్న మొదలు పెకిలించాడు. జెండాను విప్పే తీరిక లేదు. కొంగతో సహా విసిరేశారు. ఆమె దాన్ని గాల్లోనే అందుకుంది. సుడి అంచున నీళ్ళు అప్పటికే తెప్పను ఒరగదోస్తున్నాయి. ఆమె పాదాలు ఎడం చేసి నిలబడి, వెదురు అడుగుకు దింపి, నడుముతో ఒక్క తోపు తోసింది. తెప్ప సుడిని కోసుకుంటూ వెనక్కి వచ్చింది. ఒంటి మీద బంగారం, చుట్టూ దాసీలు తప్ప ఎరగని రాణి అనుకున్న మనిషి ఏటికి ఎదురుగా తెప్ప నడుపుతుంటే గట్టున పడవలవాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు.

ఆమె తెప్పను పుట్టింటి గట్టుకు తిప్పలేదు, కొడుకున్న గట్టుకూ తిప్పలేదు. నేరుగా ఇసుకతిప్ప మీదికి తిప్పింది.

ధూమాక్షుడు పగిలిన పుర్రె ముక్కలు పట్టుకుని వెనక్కి అడుగు వేశాడు. "వజ్రాంబా, ఆగు. వజ్రాంబా" అని మంత్రస్వరంతో పిలిచాడు. ఆమె చేతులు ఆగలేదు.

"ఆ పేరు కూడా నాదే. మా ఆయన ప్రేమగా పిలిచిన పేరు" అందామె. "కాని ఆ పేరుకు నేను పలకాలంటే, పిలిచేవాడు నావాడై ఉండాలి."

మాంత్రికుడి వెనక రుద్రబాహుడు ఖడ్గం దించకుండా నిలబడి ఉన్నాడు. ఆ ఖడ్గం ఇప్పుడు ఎవరి వైపు తిరుగుతుందో అతనికే ఇంకా తెలియదు. ఈలారి మరో తోపు తోసింది.